జనరేటర్ బ్యాటరీ: ఖాళీ నెలల్లో కాపుదల

కరెంటు తీగ చేరని చోటికి, చేరినా నమ్మకం చాలని చోటికి వెలుతురు తెచ్చేది జనరేటర్. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో దాని అవసరం అడుగడుగునా కనిపిస్తుంది. పల్లెల్లో పెళ్లిపందిళ్లు, తిరునాళ్లు, ఉరుసులు, తెల్లవార్లూ సాగే నాటకాలు ఉంటాయి. శివరాత్రికి, ఉగాదికి ఆత్మకూరు, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా నల్లమల అడవిలో శ్రీశైలానికి నడిచివెళ్లే భక్తుల కోసం దారిలో శిబిరాలు వెలుస్తాయి. జమ్మలమడుగు దగ్గర గండికోటలో పెన్నా లోయను చూడవచ్చిన యాత్రికులు గుడారాల్లో రాత్రి గడుపుతారు. ఇలాంటి చోట్లకు మనిషి చేత్తో ఎత్తగలిగే పెట్రోల్ జనరేటర్ నుంచి, ట్రాక్టరు వెనక కట్టి లాక్కుపోయే డీజిల్ జనరేటర్ దాకా రకరకాల యంత్రాలు వస్తాయి. చిన్నవాటిని తాడు లాగి లేపవచ్చు. పాతకాలపు ఒంటి సిలిండరు ఇంజన్లను హ్యాండిల్ తిప్పి లేపవచ్చు. మిగిలినవి లేవాలంటే పక్కన బిగించిన బ్యాటరీయే ఆధారం. ట్యాంకు నిండా డీజిల్ ఉన్నా, ఇంజను కొత్తదైనా, బ్యాటరీ దిగిపోయిన రోజున పందిట్లో దీపం వెలగదు.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు. సిలిండరులో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అంత వేడి పుట్టాలంటే ఇంజను మొదట కొంత వేగంగా తిరగాలి. ఆ తిప్పుడు పని చేసేది స్టార్టర్ మోటారు. మెకానిక్కులు దీన్ని సెల్ఫ్ అంటారు. సెల్ఫ్ కొట్టిన ఆ నాలుగైదు సెకన్లలో పెళ్లిళ్లకు వాడే స్థాయి డీజిల్ జనరేటర్ బ్యాటరీ నుంచి 200 ఆంపియర్లో, అంతకు మించో లాగుతుంది. వినడానికి ఇది పెద్ద అంకె. లెక్క వేస్తే ఖర్చు మాత్రం చిన్నది. 200 ఆంపియర్ల చొప్పున 5 సెకన్లు వాడితే 1,000 ఆంపియర్ సెకన్లు. గంటకు 3,600 సెకన్లు కాబట్టి, అది ఒక ఆంపియర్ అవర్‌లో మూడో వంతు కూడా కాదు. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో నూటికి ఒక పాలైనా తగ్గదు. ఇంజను అందుకున్నాక దాని డైనమో ఆ కాస్తనూ కొద్ది నిమిషాల్లోనే తిరిగి ఎక్కిస్తుంది. అంటే రోజూ పని చేసే జనరేటర్‌కు బ్యాటరీ బెంగ తక్కువ. బ్యాటరీకి చేటు చేసేది పని కాదు. పని లేని నెలలు, వాటి మీద మండే ఎండ.

జనరేటర్ ఖాళీగా ఉండే రోజులను పంచాంగమే చెబుతుంది. మూఢం వస్తే పెళ్లిళ్లు ఉండవు. ఆషాఢంలో ఉండవు. భాద్రపదంలో, పుష్యంలో ఉండవు. 2024లో మే, జూన్ నెలలు మూఢంలోనే గడిచాయి, వెంటనే ఆషాఢం వచ్చింది. శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యే దాకా పెళ్లిళ్లకు తిరిగే యంత్రాలకు దాదాపు మూడు నెలలు పని లేదు. అలా నిలబడి ఉన్నప్పుడు బ్యాటరీ రెండు దారుల్లో దిగిపోతుంది.

మొదటి దారి కంట్రోల్ ప్యానెల్. ఇంజను ఆగి ఉన్నా ప్యానెల్‌లోని చిన్న దీపాలు, మీటర్లు, కంట్రోలరు కొంచెం కొంచెంగా కరెంటు తాగుతూనే ఉంటాయి. ఆ వాడకం ఆంపియర్‌లో ఇరవయ్యో వంతే అనుకున్నా, రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు పోతాయి. నెలకు 36. మూడు నెలలు గడిస్తే 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయినట్టే. రెండో దారి బ్యాటరీ లోపలే ఉంది. తీగలన్నీ ఊడదీసినా, లోపలి రసాయన చర్య వల్ల ఛార్జి మెల్లగా తగ్గుతూ ఉంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఈ తరుగుదల సుమారు రెట్టింపవుతుంది. మే నెలలో కర్నూలులో, కడపలో పగటి ఎండ 42, 43 డిగ్రీలకు చేరడం మామూలే. రేకుల షెడ్డు కింద గాలి అంతకన్నా వేడి. 25 డిగ్రీల దగ్గర నెలకు తగ్గే ఛార్జి, 45 డిగ్రీల దగ్గర వారం పది రోజుల్లోనే తగ్గిపోతుంది.

దిగిపోయిన బ్యాటరీని మళ్లీ నింపితే సరిపోతుంది కదా అనిపించవచ్చు. ఆలస్యం జరిగితే అది కుదరదు. జనరేటర్లకు వాడేది సీసం, గంధకామ్లం కలిసి పనిచేసే బ్యాటరీ. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన పద్ధతి నేటికీ మూలంలో మారలేదు. ఛార్జి దిగుతున్నకొద్దీ సీసపు ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ అనే తెల్లని పదార్థం మెత్తటి పొరలా ఏర్పడుతుంది. వెంటనే ఛార్జి పెడితే అది కరిగి పోతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే గట్టి పలుకులుగా మారి ప్లేట్లను కప్పేస్తుంది. అప్పుడు ఎంత కరెంటు పంపినా ఆ భాగం మళ్లీ పని చేయదు. సల్ఫేట్ పట్టిందని మెకానిక్కు చెప్పేది దీన్నే. నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీలో ఈ జబ్బు దాదాపు రాదు. సగం దిగి నిలబడిన బ్యాటరీలోనే వస్తుంది. అందువల్ల కాపుదల అంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఉండాలి, ఎప్పుడూ చల్లగా ఉండాలి.

నిండుగా ఉందో లేదో తెలుసుకోవడానికి వందల రూపాయల్లో దొరికే డిజిటల్ మల్టీమీటర్ చాలు. ఇంజను ఆపి, ఛార్జర్ తీసి, కనీసం నాలుగైదు గంటలు ఆగాక కొలవాలి. అంతకు ముందు కొలిస్తే పైపై వోల్టేజీ చూపించి మోసం చేస్తుంది. 12.6 వోల్టులు గానీ ఆ పైన గానీ ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 ఉంటే ముప్పాతిక. 12.2 ఉంటే సగం. 12 ఉంటే పావు వంతే మిగిలినట్టు. 12.4కు దిగగానే ఛార్జి పెట్టడం మంచి అలవాటు. సెల్ఫ్ కొడుతుండగా రెండో మనిషి మీటర్ పట్టుకుని చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. నిండు బ్యాటరీలో కూడా ఆ క్షణంలో వోల్టేజీ పడిపోతుంది, కానీ 9.6 కన్నా కిందికి దిగకూడదు. దిగితే, ఛార్జి ఉన్నా లోపల బలం పోయినట్టే. ముహూర్తాలు మొదలవక ముందే కొత్తది వేయించుకోవడం మేలు.

మూతలు విప్పి నీరు పోసే రకం బ్యాటరీకి హైడ్రోమీటర్ ఇంకా నమ్మకమైన కొలత. ఆరు గదుల్లోనూ ఆమ్లం చిక్కదనాన్ని విడివిడిగా చూపిస్తుంది. అయిదు గదులు ఒకలా ఉండి ఒక్కటి బాగా తక్కువగా ఉంటే ఆ గది పాడైనట్టు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చలి దేశాల్లో నింపే ఆమ్లం చిక్కగా, నీటి సాంద్రతకు 1.28 రెట్ల దాకా ఉంటుంది. వేడి దేశాలకు తయారయ్యే బ్యాటరీల్లో ప్లేట్లు త్వరగా అరిగిపోకుండా 1.24 దగ్గర నింపుతారు. కాబట్టి విదేశీ పుస్తకంలోని అంకెను కాక, బ్యాటరీ మీద అచ్చువేసిన అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి.

ఛార్జి ఎక్కించడానికి మూడు మార్గాలున్నాయి. మొదటిది, జనరేటర్‌నే నడపడం. ఖాళీ నెలల్లో వారానికోసారి ఇంజను లేపి అయిదు నిమిషాలు తిప్పి ఆపేసే అలవాటు చాలాచోట్ల ఉంది. దీనివల్ల సెల్ఫ్ కోసం తీసిన కాస్త కరెంటు తిరిగి వస్తుందేమో గానీ, వారమంతా ప్యానెల్ తాగినది రాదు. పైగా లోడు లేకుండా డీజిల్ ఇంజను తిరిగితే తగినంత వేడెక్కదు. సగం కాలిన డీజిల్ మసి, నూనె జిడ్డు సైలెన్సరులో పేరుకుంటాయి. నడపదలిస్తే అరగంటకు తగ్గకుండా, జనరేటర్ శక్తిలో కనీసం మూడో వంతు లోడు పెట్టి నడపాలి. పందిరి ఫోకస్ లైట్లు, నీటి మోటారు ఏదైనా సరే. చిన్న పెట్రోల్ జనరేటర్లలో బ్యాటరీకి వెళ్లే కరెంటు మరీ తక్కువ, కొద్ది ఆంపియర్లే. సగం దిగిన బ్యాటరీని వాటి మీద నింపాలంటే గంటల కొద్దీ పెట్రోలు తగలబెట్టాలి.

రెండోది, ఇంటి కరెంటు మీద నడిచే ఛార్జర్. బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు కరెంటు పంపడం పాత లెక్క, మంచి లెక్క. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 10 ఆంపియర్లు. సగం దిగినది నిండడానికి ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. చివరి భాగం నిదానంగానే ఎక్కుతుంది, తొందరపెట్టి ప్రయోజనం లేదు. నిండాక తానే వోల్టేజీ తగ్గించుకునే ఆటోమేటిక్ ఛార్జర్ అయితే నెలల తరబడి తగిలించి ఉంచవచ్చు. ఆ సదుపాయం లేని ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె ఛార్జర్‌ను రాత్రంతా వదిలేస్తే లోపలి నీరు వాయువులుగా విడిపోయి తరిగిపోతుంది, ప్లేట్లు బయటపడతాయి.

రాయలసీమ ఎండలో ఛార్జర్ వోల్టేజీకి ప్రత్యేకమైన లెక్క ఉంది. 25 డిగ్రీల వాతావరణంలో బ్యాటరీని నింపడానికి 14.4 వోల్టులు, నిండాక నిలిపి ఉంచడానికి 13.6 వోల్టుల దాకా సరైనవి. వేడి పెరిగేకొద్దీ బ్యాటరీ అదే వోల్టేజీకి ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, ఇంకా వేడెక్కుతుంది. 40 డిగ్రీల దగ్గర ఈ అంకెలను సుమారు 0.3 వోల్టు తగ్గించాలి. ఉష్ణోగ్రతను బట్టి వోల్టేజీ తానే సర్దుకునే ఛార్జర్లు దొరుకుతాయి. అవి లేనప్పుడు ఎండాకాలంలో రాత్రిపూట ఛార్జి పెట్టడమే సులువైన ఉపాయం.

మూడోది సూర్యుడు. ఓర్వకల్లు ప్రాంతంలో గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వెలిసింది ఈ ఎండను నమ్ముకునే. జనరేటర్ బ్యాటరీకి అంత అక్కర్లేదు. 20 వాట్ల చిన్న సోలార్ పలక చాలు. మంచి ఎండలో అది గంటకు ఒక ఆంపియర్ అవర్ ఇస్తుంది, రోజుకు అయిదు గంటల నిండు ఎండ అనుకుంటే అయిదు. ప్యానెల్ తాగే 1.2, లోపలి తరుగుదల కలిపినా ఇందులో సగం కూడా ఖర్చు కాదు. పలకకూ బ్యాటరీకీ మధ్య ఛార్జ్ కంట్రోలర్ తప్పక ఉండాలి. లేకుంటే పగలు మోతాదు మించి ఎక్కుతుంది, రాత్రి కరెంటు వెనక్కి కారే అవకాశం ఉంటుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, యర్రగుంట్ల పరిసరాల్లో నాపరాతి గనుల దుమ్ము, సిమెంటు దుమ్ము పలక మీద పేరుకుంటుంది. వారానికోసారి తడిగుడ్డతో తుడవాలి. కరెంటు లేని తోట కొట్టంలో, అడవి శిబిరంలో నిలిపిన జనరేటర్‌కు ఇంతకు మించిన ఏర్పాటు లేదు.

ఈ మూడింటికీ ముందు చేయాల్సిన పని ఒకటుంది. జనరేటర్ పది రోజులకు మించి ఖాళీగా ఉంటుందని తెలిసినప్పుడు బ్యాటరీని ప్యానెల్ నుంచి విడదీయాలి. నెగటివ్ తీగలో ఐసోలేటర్ స్విచ్ పెట్టించుకుంటే ఒక్క మలుపుతో పని అయిపోతుంది. స్విచ్ లేకపోతే తీసేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు ముందు పాజిటివ్. ఈ వరస తప్పితే పానా ఇంజను శరీరానికి తగిలి నిప్పురవ్వలు లేవవచ్చు.

విడదీసిన బ్యాటరీని ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఒక పాత నమ్మకం ఉంది. నేల మీద పెడితే ఛార్జి నేలలోకి దిగిపోతుందని చెక్క ముక్క మీదో, టైరు మీదో పెడతారు. పెట్టెలు చెక్కతో, రబ్బరుతో తయారైన రోజుల్లో తేమ చేరి కరెంటు కారే అవకాశం ఉండేది. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలోంచి కరెంటు నేలలోకి పోదు. నిజానికి ఇంట్లో నాపరాతి బండ మీద, గోడ నీడలో పెట్టిన బ్యాటరీ, రేకుల షెడ్డులో చెక్క మీద పెట్టినదాని కన్నా ఎక్కువ కాలం ఛార్జి నిలుపుకుంటుంది. నాపరాయి మే నెలలోనూ అరచేతికి చల్లగా తగులుతుంది. బ్యాటరీకి కావలసింది ఆ చల్లదనమే.

పైన చేరే దుమ్మును మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. మూతల దగ్గర ఊరే ఆమ్లపు తేమతో కలిసి అది సన్నని కరెంటు దారిగా మారుతుంది. మల్టీమీటర్ ఒక కొనను నెగటివ్ టెర్మినల్‌కు, రెండో కొనను బ్యాటరీ పైకప్పుకు ఆనిస్తే వోల్టేజీ కనిపించడం దీనికి గుర్తు. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పూసిన పొడి కూడా సెల్ఫ్‌కు కరెంటు అందకుండా అడ్డుపడుతుంది. సెల్ఫ్ తిరగకుండా టిక్కుమని శబ్దం మాత్రం వస్తే, బ్యాటరీని తప్పుపట్టే ముందు ఈ క్లిప్పులు విప్పి చూడాలి. వేడినీళ్లలో వంటసోడా కలిపి పోస్తే పొడి పొంగి వదిలిపోతుంది. ఆ నీళ్లు మూతల్లోంచి లోపలికి పోకూడదు. ఆరాక క్లిప్పులు బిగించి వాసెలిన్ పూయాలి.

నీరు పోసే రకంలో డిస్టిల్డ్ వాటర్ తప్ప మరే నీరూ పనికిరాదు. ఈ జిల్లాల బోరునీళ్లలో ఉప్పులు, సున్నం, ఫ్లోరైడు ఎక్కువ. ఆర్‌ఓ ప్లాంటు నీళ్లు తాగడానికి మంచివే గానీ వాటిలోనూ కొంత లవణం మిగులుతుంది. ఏసీ నుంచి కారే నీటిలో దుమ్ము, లోహపు రేణువులు ఉంటాయి. ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి మట్టం చూడాలి. ప్లేట్లు మునిగేలా, లోపలి గుర్తు దాకానే పోయాలి. ఛార్జి పెట్టక ముందు ప్లేట్లు తేలి ఉంటే మునిగేంత పోసి, నిండాక మిగతాది సరిచూడాలి. ఆమ్లం ఒలికిపోతే తప్ప ఆమ్లం కలపకూడదు.

నీరు పోసే పని తప్పించే రకాలూ వచ్చాయి. 1985లో గల్లా రామచంద్రనాయుడు తిరుపతి దగ్గర కరకంబాడిలో స్థాపించిన అమరరాజా బ్యాటరీస్ 2000లో అమరాన్ పేరుతో తెచ్చిన బ్యాటరీలు అలాంటివే. పాత రకం ప్లేట్లలో సీసానికి యాంటిమొనీ కలిపేవారు. ఈ రకంలో కాల్షియం కలుపుతారు. నీరు తక్కువ ఖర్చవుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఛార్జి నిదానంగా తగ్గుతుంది. అప్పుడప్పుడు మాత్రమే లేపే జనరేటర్‌కు ఇది తగిన రకం. అయినా ప్యానెల్ వాడకం నుంచి, ఎండ నుంచి దీనికీ మినహాయింపు లేదు.

గుడారాల్లో, కారవాన్ బండ్లలో బస చేసేవారికి ఇంకొన్ని విషయాలు. కారవాన్‌లో బిగించిన జనరేటర్ సాధారణంగా బండి లోపలి దీపాలు, ఫ్యాన్లు వాడుకునే బ్యాటరీతోనే లేస్తుంది. రాత్రి దీపాలకు దాన్ని పూర్తిగా వాడేస్తే తెల్లవారి జనరేటర్ లేవదు. గండికోట గుడారంలో జనరేటర్ బ్యాటరీకి దీపం తగిలించి పడుకున్నా జరిగేది అదే. సెల్ఫ్‌కు ఒక బ్యాటరీ, దీపాలకు ఇంకొకటి విడిగా ఉండడం క్షేమం. చాలా చిన్న జనరేటర్లకు 12 వోల్టుల సాకెట్ కూడా ఉంటుంది. దానితో బ్యాటరీకి ఛార్జి ఎక్కించవచ్చు. కానీ ఆ కరెంటుకు చాలా మోడళ్లలో నియంత్రణ ఉండదు, నిండినా ఆగదు. మీటర్ పెట్టి గమనిస్తూ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, నడుస్తున్న జనరేటర్‌ను గుడారంలో గానీ, దాని గుమ్మం దగ్గర గానీ ఉంచకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పందిట్లో బ్యాటరీ డౌన్ అయినప్పుడు ట్రాక్టరు బ్యాటరీ ఆదుకుంటుంది. రెండూ 12 వోల్టులవేనని ముందు చూసుకోవాలి. పెద్ద జనరేటర్లలో రెండు బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు వాడేవి ఉన్నాయి, వాటికి ఈ ఉపాయం పనికిరాదు. పాజిటివ్‌ను పాజిటివ్‌కు కలపాలి. తరవాత ట్రాక్టరు బ్యాటరీ నెగటివ్ నుంచి తీగ తెచ్చి, బ్యాటరీకి దూరంగా జనరేటర్ ఇంజను ఇనుముకు బిగించాలి. కొద్ది నిమిషాలు ఆగి సెల్ఫ్ కొట్టాలి. ఒక్కసారికి పది సెకన్లు మించకూడదు, మళ్లీ కొట్టే ముందు అర నిమిషం ఆగాలి. ఆగకుండా కొడితే సెల్ఫ్ మోటారే కాలిపోతుంది. ఛార్జి ఎక్కుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలిలో నూటికి నాలుగు పాళ్లు చేరితే నిప్పురవ్వకే పేలుతుంది. బీడీ, అగరువత్తి, హారతి ఆ దరికి రాకూడదు. ఆమ్లం కంట్లో పడితే పావుగంట పాటు మంచినీళ్లతో కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఎంత కాపాడినా ఈ ఎండల్లో మూడు నాలుగేళ్లు పనిచేసిన బ్యాటరీ తన పని ముగించినట్టే. దాని బరువులో సగానికి పైగా సీసం. పగలగొట్టి సీసం కరిగిస్తే ఆ పొగ పిల్లల మెదడును దెబ్బతీస్తుంది, ఆమ్లం బావినీళ్లలో చేరుతుంది. 2022 ఆగస్టులో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. కొత్తది కొన్న దుకాణంలోనే పాతది ఇచ్చేయడం మంచిది.

అమావాస్య నాడు యంత్రాన్ని కడిగి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టే అలవాటు ఈ ప్రాంతంలో చాలా షెడ్లలో ఉంది. నెలకోసారి వచ్చే ఆ రోజునే బ్యాటరీ రోజుగా కూడా పెట్టుకోవచ్చు. మీటర్ పెట్టి వోల్టేజీ చూడడం, నీటి మట్టం చూడడం, టెర్మినళ్లు తుడవడం, 12.4 కన్నా తక్కువుంటే ఆ రాత్రే ఛార్జి పెట్టడం – అన్నీ కలిపి అరగంట పని. మూఢం మొదలయ్యే ముందు బ్యాటరీని నింపి, విడదీసి, నీడలో పెట్టాలి. ఈ శ్రద్ధ చూపిన యజమానికి శ్రావణంలో తొలి ముహూర్తాన జనరేటర్ మొదటి సెల్ఫ్‌కే అందుకుంటుంది. జనరేటర్లు అద్దెకిచ్చేవారు, వాడుకునేవారు ఈ అమావాస్య నుంచే ఈ అలవాటు మొదలుపెట్టాలని మనవి.